బిడియము పుట్టుకతో వచ్చునా?

లోకమున పిల్లలందఱును ఒక్క తీరున నుండరు. ఇంటికి క్రొత్తవారు వచ్చినప్పుడు ఒక బాలుడు ఎదురేగి పలుకరించును. వాని తమ్ముడు తల్లి కొంగు చాటున దాగి, వచ్చినవారు వెడలిపోవువఱకు ఈవలికి రాడు. ఇద్దఱును ఒక్క తల్లి బిడ్డలే. ఒక్క కంచమున తిన్నవారే. తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్న వేసినంతనే ఒక బాలిక లేచి సమాధానము చెప్పును. ఆమె ప్రక్కన కూర్చున్న బాలికకు ఆ సమాధానము తెలిసియే యున్నను, గుండె దడదడ కొట్టుకొని నోట మాట రాదు. ఈ భేదము వారియందు ఎట్లు కలిగినది?

ఇందుకు మన పెద్దలు రెండు సామెతలు చెప్పుదురు. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అనునది మొదటిది. మనుష్యుని స్వభావము పుట్టుకలోనే నిర్ణయమై చితి వఱకు వెంట వచ్చునని దీని భావము. “మొక్కై వంగనిది మానై వంగునా” అనునది రెండవది. లేబ్రాయమున పెంపకము ఎట్లుండునో మనుష్యుడును అట్లే యగునని, ఆ దశ దాటిన పిదప వానిని మార్చుట కల్ల యని దీని భావము. మొదటిది పూర్తిగా నిజమైనచో పెంపకము వ్యర్థము. రెండవది పూర్తిగా నిజమైనచో పుట్టుకకు విలువ లేదు. ఈ రెంటిలో సత్యమెంతయో తేల్చుటకు ఒక అమెరికా శాస్త్రజ్ఞుడు దాదాపు ఐదు దశాబ్దములు పాటుపడెను. ఆయన పేరు జెరోమ్ కేగన్.

ఆ సత్యము తేలుట పండితులకంటె పిల్లలకే ఎక్కువ అవసరము. బిడియపడు పిల్లవానిని తోటివారు పిఱికివాడని పరిహసింతురు. మాటాడని పిల్లను మందబుద్ధి యని ఉపాధ్యాయుడు పొరబడవచ్చును. చుట్టములు తల్లి పెంపకమును నిందింతురు. ఆ భయము మితిమీఱినచో పిల్లలు బడి మానుదురు. నలుగురిలో మెలగలేక కుములుదురు. వైద్యులు దీనిని ఆందోళన వ్యాధి యందురు. ఇట్టి పిల్లల విషయమున తప్పెవరిది? వారికి తోడ్పడు మార్గమేది? ఊహలవలన ఈ ప్రశ్నలకు సమాధానము లభింపదు.

కేగన్ 1929వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రములోని నూవార్క్ నగరమున జన్మించెను. ఆ రాష్ట్రముననే రావే యను చిన్న పట్టణమున పెరిగెను. రట్గర్స్ విశ్వవిద్యాలయమున 1950లో పట్టభద్రుడై, యేల్ విశ్వవిద్యాలయమున మనస్తత్త్వ శాస్త్రము నభ్యసించి, 1954లో డాక్టరు పట్టము పొందెను. కొంతకాలము ఒహాయోలో అధ్యాపకుడుగా నుండి, పిదప సైన్యమున చేరవలసివచ్చి, వెస్ట్ పాయింట్ నందలి సైనిక వైద్యశాలలో పనిచేసెను.

ఆనాటి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులలో పెక్కుమంది రెండవ సామెత పక్షమువారు. జాన్ వాట్సన్ అను పండితుడు, ఆరోగ్యవంతులైన శిశువులను తన చేతికిచ్చినచో వారిని తాను కోరిన వృత్తిలో ఆఱితేఱిన వారినిగా చేయగలనని 1920 ప్రాంతపు దశాబ్దమున ప్రకటించియుండెను. జన్మసిద్ధమైన గుణములను గూర్చిన మాటలను హిట్లరు ప్రభుత్వము ఘోరకృత్యములకు వాడుకొనుటచేత, రెండవ ప్రపంచ యుద్ధానంతరము పుట్టుకను గూర్చి మాటాడుటకే పండితులు వెనుదీసిరి. యువకుడైన కేగన్ కూడ పెంపకమే సర్వమని నమ్మినవాడు.

1957లో ఆయన ఒహాయో రాష్ట్రములోని యెల్లో స్ప్రింగ్స్ అను ఊరియందలి ఫెల్స్ పరిశోధన సంస్థలో చేరెను. కేగన్ పుట్టిన 1929లోనే ఆ సంస్థవారు చుట్టుప్రక్కల కుటుంబములలోని శిశువులను పుట్టినది మొదలు పరిశీలించి, వారి నడవడిని ఎప్పటికప్పుడు వ్రాసియుంచుట ప్రారంభించిరి. ఆ శిశువులు అప్పటికి ఇరువది యేండ్లు దాటిన స్త్రీపురుషులైరి. కేగన్, ఆయన సహచరుడు హోవార్డ్ మాస్ ఒక ఏర్పాటు చేసికొనిరి. ఒకరు పాత కాగితములను మాత్రమే చదివి బాల్యమును అంచనా వేయవలెను. ఆ పిల్లలు పెద్దవారై ఎట్లున్నదియు ఎఱుగరాదు. మఱియొకరు పెద్దవారితో సంభాషించి వారి స్వభావమును అంచనా వేయవలెను. వారి బాల్యమును ఎఱుగరాదు. ముందుగా తెలిసియున్నచో, మనస్సు తాను కోరినదానినే చూచును గదా! పని ముగిసిన తరువాతనే ఇరువురి అంచనాలను సరిపోల్చిరి.

ఫలితము 1962లో గ్రంథరూపమున వెలువడెను. మొదటి మూడేండ్లలో కనబడిన గుణములలో పెక్కింటికిని, పెద్దతనపు స్వభావమునకును పొత్తు కనబడలేదు. ఒక్కటి మాత్రము భిన్నముగా నిలిచెను. క్రొత్తదానిని చూచి బెదరి వెనుకంజ వేసిన శిశువులలో కొందఱు పెద్దవారై కూడ అట్లే సంకోచశీలురై యుండిరి. ఇది పుట్టుకవలన కలిగినదేమో యన్న ఊహ తోచినను, కేగన్ దానిని వెంబడింపలేదు. తాను నమ్మిన మతమునకు అది అనుకూలము కాదు.

1964లో ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. తరువాత 1971లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశమునకు పోయి, అటిట్లాన్ సరస్సు తీరమునగల సాన్ మార్కోస్ అను పల్లెలో పరిశోధన సాగించెను. అది మాయా జాతివారి బీదపల్లె. ఎండ, గాలి, దుమ్ము సోకునని, చెడుచూపు తగులునని భయపడి, అచటి తల్లులు శిశువులను మొదటి యేడు చీకటి గుడిసెలలోనే యుంచుచుండిరి. దిష్టి యన్న భయము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. ఆ శిశువులకు ఆటవస్తువులు లేవు. వారితో మాటాడువారును తక్కువ. ఏడాది నిండునప్పటికి వారు ఉలుకుపలుకు లేక, అమెరికా శిశువులకంటె వెనుకబడి యుండిరి. అయితే ఆ పల్లెలోనే పది పదునొకండేండ్ల పిల్లలు చుఱుకుగా ఆడుకొనుచుండిరి. జ్ఞాపకశక్తిని, గుర్తుపట్టు నేర్పును తెలుపు కొన్ని పరీక్షలలో వారు అమెరికా పిల్లలకు తీసిపోలేదు. మొక్కగా నున్నప్పుడు వాడినది తరువాత చిగురించుటను కేగన్ కన్నులార చూచెను. రెండవ సామెతయందలి ఆయన విశ్వాసము ఇచట సడలెను.

మరల బోస్టన్ నగరమున మఱియొక పరిశోధన. తల్లులు పనికి పోవునప్పుడు శిశువులను సంరక్షణ గృహములలో విడుచుట వారికి హాని చేయునా అన్న ప్రశ్న అప్పుడు బలముగా నుండెను. కేగన్, తన సహచరులైన కియర్స్లీ, జెలాజో అనువారితో కూడి, చైనా సంతతికిని, ఐరోపా సంతతికిని చెందిన కుటుంబముల శిశువులను పరీక్షించెను. మంచి సంరక్షణ గృహమున పెరిగిన శిశువులకును, ఇంట పెరిగిన శిశువులకును చెప్పదగిన భేదము కనబడలేదు. అనుకొనని మఱియొక భేదము కనబడెను. సగటున చూచినప్పుడు చైనా కుటుంబముల శిశువులు ఎక్కువ నెమ్మది గలవారు, క్రొత్తవారియెడ ఎక్కువ బెదరువారు; సంరక్షణ గృహమున పెరిగినను, ఇంట పెరిగినను ఆ తేడా నిలిచియే యుండెను. 1978లో ఈ విషయములు ప్రకటితమయ్యెను. పదునాఱేండ్ల క్రిందట ప్రక్కకు నెట్టిన ఊహను కేగన్ మరల చేపట్టెను. తన మతమునకు సాక్ష్యము ఎదురు తిరిగినప్పుడు మతమునే మార్చుకొనుట శాస్త్రజ్ఞుని ధర్మము.

ఆ సమయమున సింథియా గార్సియా కోల్ అను విద్యార్థిని ఆయనయొద్ద డాక్టరు పట్టమునకై కృషి చేయుచుండెను. ఆమె ఇంచుమించు రెండేండ్ల పిల్లలను, తల్లులతో కూడ, ప్రయోగశాలకు పిలిపించెను. గదిలో క్రొత్త ఆటబొమ్మలుండును. కొంతసేపటికి ఎఱుగని స్త్రీ యొకతె లోనికి వచ్చును. పిదప లోహపు మరబొమ్మ యొకటి కనబడును. తల్లి క్షణకాలము వెలుపలికి పోవును. ఈ ప్రతి ఘట్టమునను పిల్లలు ఏమి చేయుదురో పరిశీలకులు చూచి వ్రాసికొనిరి. కొందఱు బొమ్మవద్దకు నేరుగా పోయి దానిని తాకిరి. కొందఱు ఆట మాని, మాట మాని, తల్లిని కఱచుకొనిరి. మొదటివారిని నిస్సంకోచులని, రెండవవారిని సంకోచశీలురని శాస్త్రజ్ఞులు పిలిచిరి. 1984లో ఈ పరిశోధన ప్రచురింపబడెను. స్టీవెన్ రెజ్నిక్, నాన్సీ స్నిడ్మన్ అనువారు కేగన్ తో కలిసి, ఈ పిల్లలనే నాలుగేండ్లకు, ఐదున్నర యేండ్లకు, ఏడున్నర యేండ్లకు మరల మరల పిలిచి చూచిరి.

చూచినది నడవడిని మాత్రమే కాదు. గుండె ఎంత వేగముగా కొట్టుకొనుచున్నది, కంటిపాప ఎంత విప్పారుచున్నది, ఉమ్మిలో కార్టిజాల్ అను రసము ఎంత యున్నది అనునవి కూడ కొలిచిరి. సంకోచశీలురైన పిల్లలలో పెక్కుమందికి గుండె వేగము హెచ్చు. సులభమైన ప్రశ్న వేసినను కంటిపాప విప్పారును. అనగా వారు పెంకితనముచేత గాని, గారాబముచేత గాని మాటాడక యుండలేదు. వారి శరీరమే అపాయమును ఎదుర్కొనుటకు సిద్ధమగుచుండెను. ఈ లక్షణములన్నిటికిని మూలస్థానము మెదడులో నొకటి యుండవలెనని కేగన్ ఊహించెను. చెవుల దాపున, మెదడు లోతున, బాదము గింజవంటి భాగములు రెండు ప్రక్కల రెండు కలవు. వానికి అమిగ్డలా అని పేరు. గ్రీకు భాషలో బాదమునకు అదే పేరు. క్రొత్తదియు, అపాయకరమైనదియు ఎదురైనప్పుడు అది గుండెకు, కండరములకు, రసగ్రంథులకు హెచ్చరిక పంపునని జంతువులపై జరిగిన ప్రయోగములు తెలిపెను. కొందఱు శిశువులలో ఈ కావలివాడు స్వల్ప కారణమునకే మేల్కొనునేమో యని ఆయన తలచెను. 1988లో ఆయన బృందము ఈ ఊహను ‘సైన్స్’ పత్రికలో ప్రకటించెను.

రెండేండ్ల పిల్లవానికి అప్పటికే రెండేండ్ల పెంపకము జరిగియుండును. కావున పుట్టుకను గూర్చి తెలిసికొనుటకు ఇంకను చిన్న ప్రాయమునకు పోవలెను. కేగన్, స్నిడ్మన్ సుమారు 500 మంది నాలుగు నెలల శిశువులను పరీక్షించిరి. శిశువు కన్నుల యెదుట రంగురంగుల బొమ్మలను ఆడించిరి. ధ్వనిముద్రణము చేసిన మాటలను వినిపించిరి. ఆల్కహాలులో కొంచెము ముంచిన దూదిని ముక్కువద్ద నుంచిరి. నూటికి ఇరువది మంది శిశువులు కాలుసేతులు గట్టిగా కొట్టుకొని, వీపు విఱిచి, ఏడ్చిరి. నూటికి నలువది మంది కదలక మెదలక, నెమ్మదిగా చూచుచుండిరి. తక్కినవారు ఈ రెండు తెగలకు నడుమ నుండిరి. మొదటి తెగవారిని తీవ్ర స్పందన గలవారనియు, రెండవ తెగవారిని మంద స్పందన గలవారనియు పేర్కొనిరి. తీవ్రముగా స్పందించిన శిశువులే ఏడాది, రెండేండ్ల ప్రాయమున క్రొత్తవానిని చూచి ఎక్కువగా బెదరిరి.

ఇంతవఱకు చదివినవారికి మొదటి సామెతయే గెలిచినదని తోచును. కాని కథ ఇంతటితో ముగియలేదు. ఆ శిశువులు పెరిగి బడికి పోవుచున్న కాలమున, ఏడేండ్ల ప్రాయమున, వారిని మరల పరీక్షించిరి. తీవ్ర స్పందన గలవారిలో నూటికి సుమారు 45 మందికి ఆందోళన లక్షణములు కనబడెను. మంద స్పందన గలవారిలో అట్టివారు నూటికి సుమారు 15 మంది మాత్రమే. భేదము స్పష్టమే. అయినను ఆ 45 సంఖ్యను మఱియొక వైపునుండి చూడవలెను. తీవ్ర స్పందనతో పుట్టినవారిలో సగమునకు మించినవారికి ఆ లక్షణములు లేవు. ఏండ్లు గడచుకొలది వారిలో పెక్కుమంది అందఱివంటి పిల్లలైరి. అయితే అతి సాహసులుగా మాఱినవారు మిక్కిలి అరుదు. పుట్టుక ఒక దారిని నిర్ణయింపదు. కొన్ని దారులను కష్టసాధ్యములుగా మాత్రము చేయును.

మఱి కొందఱు మాఱుటకును, కొందఱు మాఱకుండుటకును కారణమేమి? డోరీన్ ఆర్కస్ అను పరిశోధకురాలు శిశువుల ఇండ్లకు పలుమాఱులు పోయి, తల్లుల నడవడిని పరిశీలించెను. బిడ్డ కొంచెము కలతపడినంతనే ఎత్తుకొని, ప్రతి చిన్న కష్టమునుండియు కాపాడిన తల్లుల చేతులలో, తీవ్ర స్పందన గల శిశువులు తఱచు భయశీలురుగానే మిగిలిరి. ప్రేమతోపాటు కట్టుబాటు కూడ నేర్పి, చిన్న చిన్న చిక్కులను బిడ్డయే దాటుకొనునట్లు చూచిన తల్లుల చేతులలో వారికి భయము తగ్గెను. తల్లి యొక్క దయయే ఒక్కొక్కప్పుడు బిడ్డ భయమునకు నీరుపోయునన్న మాట వినుటకు వింతగా నున్నను, ఇందు తల్లిని నిందించుట లేదు. బిడ్డ పుట్టుకతో తెచ్చిన భయము తల్లి తప్పు కాదు. దానిని తగ్గించు శక్తి మాత్రము ఆమె చేతిలో కొంత కలదు.

ఇక అమిగ్డలాను గూర్చిన ఊహ. బ్రతికియున్న ఆరోగ్యవంతుని మెదడు లోతులను హాని లేకుండ చూచు సాధనము 1980 ప్రాంతమున శాస్త్రజ్ఞులకు లేదు. ఉన్న మార్గమున రేడియోధార్మిక పదార్థమును రక్తములోనికి ఎక్కింపవలసియుండెను. పిల్లల విషయమున అది తగదు. 1990లో సెయిజీ ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఎలుకలపై ప్రయోగించి, క్రొత్త మార్గమును చూపెను. రక్తమునకు ఎఱుపునిచ్చు హిమోగ్లోబిన్ లో ఇనుము కలదు. ప్రాణవాయువును మోయునప్పుడు ఒక విధముగను, దానిని విడిచినప్పుడు మఱియొక విధముగను అది అయస్కాంతమునకు లోబడును. మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు ప్రాణవాయువుతో కూడిన రక్తము ఎక్కువగా ప్రవహించును. ఆ మార్పును ఎం.ఆర్.ఐ. యంత్రము గుర్తించి చిత్రముగా గీయగలదు. 1992లో ఈ పద్ధతి మనుష్యులపై ప్రయోగింపబడెను. బోస్టన్ లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఇందుకు పేరుగాంచిన స్థానములలో ఒకటి.

ఈ యంత్రము పెద్ద గొట్టమువలె నుండును. ఒకటిన్నర టెస్లా బలముగల యంత్రపు అయస్కాంతము భూమి అయస్కాంత బలమునకు సుమారు 30,000 రెట్లుండును. అందుచేత తాళపుచెవులు, నాణెములు, జడపిన్నులు మున్నగు లోహ వస్తువులను వెలుపలనే విడిచి పోవలెను. లోపల పడుకొన్నవారు తల కదల్పరాదు. ఇసుమంత కదలినను చిత్రము చెడును. యంత్రము సుత్తితో కొట్టినట్లు చప్పుడు చేయును. భయశీలురైన పిల్లలను ఇట్టి యంత్రములో పరీక్షించుటయే ఒక సమస్య. కావున శాస్త్రజ్ఞులు నకలు యంత్రమును నిర్మించి, అందు పిల్లలను ముందుగా పడుకొనబెట్టి, చప్పుళ్లు వినిపించి, కదలక యుండుట ఆటవలె నేర్పుచుందురు. భయమును పరిశోధించువారు ముందు భయము తీర్పవలసివచ్చును.

రెండేండ్ల ప్రాయమున తల్లి కొంగు పట్టుకొన్న పిల్లలు ఇప్పుడు ఇరువది దాటిన యువతీయువకులు. కార్ల్ ష్వార్ట్జ్ అను మనోవైద్యుడు, కేగన్, వారి సహచరులు కలిసి 22 మందిని యంత్రములో పరీక్షించిరి. వారిలో 13 మంది బాల్యమున సంకోచశీలురు. 9 మంది నిస్సంకోచులు. మొదట కొన్ని ముఖముల చిత్రములను పలుమాఱులు చూపి పరిచయము చేసిరి. పిదప వానితోపాటు ఎన్నడును చూడని ముఖములను చూపిరి. బాల్యమున సంకోచశీలురైనవారి అమిగ్డలా, పరిచిత ముఖములకంటె క్రొత్త ముఖములను చూచినప్పుడు ఎక్కువగా స్పందించెను. నిస్సంకోచులలో అంత స్పందన లేదు. 2003లో ఈ ఫలితము ‘సైన్స్’ పత్రికలో వెలువడెను. 1988లో వ్రాసిన ఊహకు సాక్ష్యము దొరకుటకు పదునైదేండ్లు పట్టెను. రెండు దశాబ్దముల క్రిందటి పిల్లల పేర్లను, చిరునామాలను, పరిశీలన పత్రములను జాగ్రత్తగా కాపాడియుండనిచో, ఎంత గొప్ప యంత్రము వచ్చినను ఈ పరిశోధన సాధ్యము కాకుండెడిది.

ఇట్టి విజయము లభించినప్పుడు పలువురు పొంగిపోదురు. కేగన్ హెచ్చరికలు చేసెను. ఆ చిత్రము రక్తప్రవాహమును చూపును. మనుష్యుని అనుభవమును చూపదు. అమిగ్డలా భయమునకు మాత్రమే గాక, ఆశ్చర్యమునకును, అనుకొనని దానికిని స్పందించును. పరీక్షింపబడినవారు ఇరువది ఇద్దఱే. అన్నిటికంటె ముఖ్యమైన మాట మఱియొకటి. ఆ 13 మందిలో ఆందోళన వ్యాధి యున్నవారు కొలదిమందే. వారిని తొలగించి లెక్కించినను ఆ భేదము నిలిచెను. మెదడులో కావలివాడు మేల్కొనుచునే యుండెను. అయినను పెక్కుమంది చదువుకొని, ఉద్యోగములు చేసికొని, సుఖముగా జీవించుచుండిరి. కావున మెదడు చిత్రమును చూచి, వీడు వ్యాధిగ్రస్తుడు, వీడు కాడు అని తీర్పు చెప్పుట తగదు.

కేగన్ నాటిన మొక్కను తరువాతి తరమువారు పెంచిరి. మేరీలాండ్ విశ్వవిద్యాలయమున నేథన్ ఫాక్స్, బెథెస్డాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో డేనియల్ పైన్ అనువారు, శిశువులను ఏండ్ల తరబడి వెంబడించుటను, మెదడు చిత్రణమును జతపఱచి పరిశోధనలు సాగించిరి. 14 నెలల ప్రాయమున చూచిన పిల్లలను 26 ఏండ్ల వఱకు అనుసరించిన ఒక పరిశోధన 2020లో ప్రచురింపబడెను. బాల్యమున సంకోచశీలురైనవారు పెద్దవారై మితభాషులుగా నుండిరి. వారిలోను, తాము చేసిన చిన్న తప్పునకు మెదడు అతిగా ఉలికిపడినవారికే ఆందోళన ఎక్కువగా కలిగెను. మేరీలాండ్ లోనే ‘తాబేలు కార్యక్రమము’ అను శిక్షణ ఏర్పడెను. తాబేలు భయపడినప్పుడు డిప్పలోనికి ముడుచుకొనును. నెమ్మదిగా తల వెలికి తీయును. ఆ కార్యక్రమమున చిన్నపిల్లలు కొద్దిమంది తోటివారితో మెలగుట నేర్చుకొందురు. అదే సమయమున, బిడ్డను తొందరపెట్టక, దాచిపెట్టక, ఒక్కొక్క అడుగే ముందుకు వేయించుట తల్లిదండ్రులు నేర్చుకొందురు.

స్వభావమును గూర్చిన ఆలోచన క్రొత్తది కాదు. వాత పిత్త కఫములను బట్టి మనుష్యుల ప్రకృతులను మన ఆయుర్వేదము విభజించెను. రెండవ శతాబ్దమున గ్రీకు వైద్యుడు గాలెన్, శరీరములోని నాలుగు రసములచేత స్వభావములు ఏర్పడునని చెప్పెను. కేగన్ 1994లో వ్రాసిన గ్రంథమునకు ఆ వైద్యుని పేరు కలసివచ్చునట్లు ‘గాలెన్స్ ప్రాఫెసీ’ అని పేరిడెను. పూర్వులు తలచిన దానిని కేగన్ కొలిచి చూచెను. కొలిచిన పిదప సరిదిద్దెను. పెంపకమే సర్వమన్న తన యౌవనపు మతమును విడిచెను. పుట్టుకయే సర్వమన్న మతమును కూడ స్వీకరింపలేదు.

సంకోచ స్వభావము లోపమని ఆయన ఎన్నడును తలపలేదు. ముందువెనుకలు చూచి అడుగువేయువారు, తప్పు దొరలునేమో యని మరల మరల సరిచూచువారు తఱచు ఇట్టివారే. తన ప్రయోగశాలలో పనికి సహాయకులను ఎన్నుకొనునప్పుడు ఆయన ఇట్టి స్వభావము గలవారికై చూచుచుండెను. కేగన్ 2021వ సంవత్సరము మే 10వ తేదీన, తొంబది రెండేండ్లు నిండిన పిదప పరమపదించెను.

నోరు విప్పలేని పిల్లవాడు తరగతిలో కనబడినప్పుడు, వానిని పరిహసించుట అజ్ఞానము. వాని గుండె వేగమును వాడు కోరి తెచ్చుకొనలేదు. వానిని ఎప్పటికిని దాచియుంచుటయు మేలు కాదు. ఒక ప్రశ్నకు ఒక్క మాట, మఱునాడు ఒక్క వాక్యము, ఆపై ఒక్క పద్యము. తోటివారు నవ్వక ఓపికతో వినిన చాలును. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకల వఱకు కొంత వెంట వచ్చునేమో కాని, అది మనుష్యుని నడపు యజమాని కానక్కఱలేదు. మాను వంగుట కష్టమే గాని, దానికి క్రొత్త కొమ్మలు చిగుర్చుట మానదు.

ప్రశ్నలు

1. ఈ పాఠమున చెప్పబడిన రెండు సామెతల భావమేమి? అవి ఒకదానికొకటి ఎట్లు విరుద్ధములు?
2. ఫెల్స్ సంస్థలో బాల్యమును అంచనా వేయువారు, పెద్దవారితో సంభాషించువారు వేఱువేఱుగా ఎందులకు పనిచేసిరి?
3. సాన్ మార్కోస్ పల్లెలో కేగన్ తెలిసికొన్నదేమి?
4. నాలుగు నెలల శిశువులను ఎట్లు పరీక్షించిరి? ఫలితములను మీ సొంత మాటలలో వ్రాయుడు.
5. మెదడు చిత్రమును చూచి మనుష్యుని గూర్చి తీర్పు చెప్పరాదని కేగన్ ఏల హెచ్చరించెను?
6. మీ తరగతిలో బిడియపడు విద్యార్థికి మీరు ఎట్లు తోడ్పడుదురు?